ఐసోపాడ్లు పెంచడం: మన ఎండలకూ ఉక్కపోతకూ తగ్గట్టు, మొదటి డబ్బా నుంచి పిల్లలు పుట్టేదాకా

పూలకుండీ పక్కకు జరిపితే కింద తడి మట్టిలో బూడిదరంగు జీవాలు పదో ఇరవయ్యో ఒక్కసారిగా చెల్లాచెదురుగా పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. ఒంటి మీద పలకలు పలకలుగా కవచం, ఏడు జతల కాళ్లు, ముందు రెండు మీసాలు. అవే ఐసోపాడ్లు. మనం పురుగులు అనేస్తాం గానీ ఇవి రొయ్యలకూ పీతలకూ చుట్టాలు, నీళ్లు వదిలి నేల మీదికి వచ్చి స్థిరపడిన శాఖ. కరవవు, కుట్టవు, అరవవు, మరీ ఎండాకాలం కాకపోతే ఊరెళ్లినా వారం పది రోజులు వాటి మానాన అవి ఉంటాయి.

నేను హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్లుగా పెంచుతున్నాను. మొదట్లో చదివిన సలహాలన్నీ చలి దేశాల వాళ్లు రాసుకున్నవి: డబ్బా వెచ్చగా ఉంచండి, రోజూ నీళ్లు చల్లండి, మూత గట్టిగా పెట్టండి అని. అలాగే చేశాను. తొమ్మిదో రోజు మూత తీస్తే మురిక్కాలువ వాసన వచ్చింది. పన్నెండింటిలో ఒక్కటీ మిగల్లేదు, సగం మూతకు దగ్గరగా గోడల మీదికి ఎక్కి అక్కడే చనిపోయి ఉన్నాయి. అవి గాలి కోసం ఎక్కాయని నాకు తర్వాత అర్థమైంది, ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో తడి గురించీ గాలి గురించీ చెప్పిందే చెప్తున్నట్టు అనిపించినా ఓపిగ్గా చదవండి.

ముందుగా, ఇవి ఊపిరి ఎలా పీలుస్తాయి

ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తోస్తుంది. వీటికి మనలాంటి ఊపిరితిత్తులు లేవు. పొట్ట కింద తోక వైపు పలచటి రేకుల్లాంటి అవయవాలు ఉంటాయి, గాలి పీల్చేది వాటితోనే. నీళ్లలో బతికిన పూర్వీకుల నుంచి వచ్చినవి కాబట్టి అవి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. ఆరిపోతే ఊపిరాడదు, నీళ్లలో మునిగినా ఊపిరాడదు. పైగా మామూలు పురుగుల ఒంటి మీద ఉండే మైనపు పూత వీటికి సరిగ్గా ఉండదు, అందుకని పొడి గాలిలో గంటల్లోనే ఒంట్లో తేమ పోతుంది.

కాబట్టి డబ్బాలో ఒక పక్క తడి, ఒక పక్క పొడి, పైన గాలి ఆడాలి. ఎక్కడ ఉండాలో అవే తేల్చుకుంటాయి.

ఏ రకంతో మొదలుపెట్టాలి

నా సలహా ఒక్కటే, పోర్సెలియోనైడిస్ ప్రూయినోసస్. పేరు చూసి భయపడకండి, పెంచేవాళ్లు పౌడర్ బ్లూ, పౌడర్ ఆరెంజ్ అంటారు. 1833లో బ్రాంట్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించి ఆ పేరు పెట్టాడు, ప్రూయినోసస్ అంటే లాటిన్‌లో మంచు పొడి చల్లినట్టున్నది అని. మనకైతే బూడిద గుమ్మడికాయ మీద ఉండే బూడిద గుర్తొస్తుంది, అచ్చం అలాగే ఉంటుంది, మెత్తటి కుంచెతో ముట్టుకున్నా ఆ పూత చెరిగి కింద గోధుమరంగు ఒళ్లు బయటపడుతుంది. వేడిని బాగా తట్టుకుంటుంది, త్వరగా పెరుగుతుంది, ప్రపంచంలో చాలా వెచ్చని ప్రాంతాలకు ఎప్పుడో పాకిపోయిన జాతి.

ఇంకా సులువైనది ట్రైకోరైనా టొమెంటోసా, డ్వార్ఫ్ వైట్ అంటారు. బియ్యపు నూకంత తెల్లటి జీవం. మగతో పని లేకుండానే ఆడవి పిల్లల్ని పెడతాయి కాబట్టి నాలుగు దొరికినా చాలు. కాకపోతే ఎప్పుడూ మట్టిలోనే ఉంటుంది, చూసి మురిసిపోవడానికి ఏమీ కనిపించదు. అమెరికాలో ఉన్నవాళ్లకు పెరట్లో రాయి ఎత్తితే దొరికే రోలీ పోలీ, అంటే ఆర్మడిల్లిడియం వల్గేర్, బంతిలా చుట్టుకుంటుంది, పిల్లలకు భలే ఇష్టం. అది మధ్యధరా ప్రాంతం నుంచి వెళ్లింది, చల్లదనం కావాలి, మన ఏప్రిల్ నెలకు తగదు. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన రబ్బర్ డకీ లాంటి ఖరీదైన రకాల జోలికి ఇప్పుడే వెళ్లకండి, అవి ఒక్కో విడతకు కొద్ది పిల్లల్నే పెడతాయి, చిన్న పొరపాటును కూడా తట్టుకోవు.

కొనకుండా కుండీ కింద దొరికినవాటితోనూ మొదలుపెట్టొచ్చు. పట్టేటప్పుడు రోకలిబండ పురుగుతో పొరపడకండి, ఆ పురుగుల్లో కూడా బంతిలా చుట్టుకునేవి ఉంటాయి. కాళ్లు లెక్కపెట్టండి: ఏడు జతలే ఉంటే ఐసోపాడ్, లెక్కకు అందకుండా ఉంటే కాదు. బయటి నుంచి తెచ్చినవాటిని రెండు మూడు వారాలు విడి డబ్బాలో ఉంచి, చావులు లేవనీ పేలలాంటివి పట్టిలేవనీ చూసుకున్నాకే అసలు డబ్బాలోకి మార్చండి.

డబ్బా తయారుచేయడం

వంటింట్లో పప్పులు పోసుకునే ప్లాస్టిక్ డబ్బా చాలు, ఎత్తు కంటే అడుగు వెడల్పు ముఖ్యం. పదిహేను జీవాలకు ఆరు నుంచి పది లీటర్ల డబ్బా సరిపోతుంది. గోడ లోపల నున్నగా ఉండాలి, గీతలు పడిన పాత డబ్బా అయితే ఎక్కేస్తాయి.

కాల్చిన దబ్బనంతో ఎదురెదురు గోడలకు పై భాగంలో రంధ్రాలు పెట్టండి, మూతలో అరచేయంత ముక్క కోసి సన్నటి స్టీలు జాలీ వేడి జిగురుతో అంటించండి. ఒక్క మూతకే రంధ్రాలు పెడితే గాలి అక్కడే నిలిచిపోతుంది, పక్కల నుంచి కూడా ఉంటేనే కదులుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు ఉన్నవాళ్లు జాలీ పెద్దది పెట్టుకోండి, అక్కడ గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి మీ సమస్య కుళ్లిపోవడం. హైదరాబాద్, కర్నూలు, రామగుండం లాంటి పొడి ఊళ్లలో జాలీ చిన్నది చాలు, ఇక్కడి సమస్య ఆరిపోవడం. ఒకే డబ్బాను రెండు చోట్లా ఒకేలా పెట్టకూడదు, ఈ తేడా తెలియకే చాలామంది కాలనీలు పోగొట్టుకుంటారు.

మట్టి

రెండు భాగాలు పాత తోట మట్టి, ఒక భాగం కడిగిన కొబ్బరి పొట్టు, ఒక భాగం చేత్తో నలిపితే పొడయ్యే పుచ్చిన కర్ర, ఒక గుప్పెడు నలిపిన ఎండుటాకులు. అంతా కలిపి రెండు మూడు అంగుళాల మందంలో పరవండి. కొబ్బరి పొట్టు ఇటుకల్లో ఉప్పు ఉండే అవకాశం ఉంది, నానబెట్టి రెండు మూడు నీళ్లలో పిండితే సరి.

నర్సరీలో సంచుల్లో అమ్మే రెడీమేడ్ మట్టి మాత్రం అడక్కుండా వాడకండి. అందులో వేపపిండి కలిపే అలవాటు మన దగ్గర బాగా ఉంది, మొక్కలకు అది మంచిదే, వీటికి విషం. కర్ర విషయంలో మామిడి కొమ్మ పుచ్చినది దొరికితే అదృష్టం. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్క, టేకు చెక్క వద్దు.

ఆకులే అసలు తిండి

చాలామంది ఆకుల్ని అలంకారం అనుకుని పైన నాలుగు పరిచి వదిలేస్తారు, కానీ ఐసోపాడ్ కడుపు నింపేది ఎండుటాకే, కూరగాయ ముక్కలు మనం పండగపూట తినే అరిసెల్లాంటివి. ఆకు ఎప్పుడూ రెండు వేళ్ల మందం పరిచి ఉండాలి.

అన్నిటికంటే మంచిది నాటు బాదం ఆకు, అదే పెద్ద గొడుగులా కొమ్మలు చాచే చెట్టు, ఎర్రబారి రాలిపోయే వెడల్పాటి ఆకు. ఏ పాత బడి ఆవరణలోనైనా దొరుకుతుంది. పనస, జామ, మామిడి ఆకులు కూడా వాడతాను, మామిడి గట్టిది కాబట్టి మెత్తబడటానికి వారాలు పడుతుంది. చెట్టు మీద నుంచి పచ్చి ఆకు కోయొద్దు, తనంతట రాలి గోధుమరంగుకు వచ్చినదే తీసుకోండి.

వాడకూడనివి బాగా గుర్తుపెట్టుకోండి: వేప, కానుగ, నీలగిరి, గన్నేరు. మన వీధుల్లో ఫుట్‌పాత్ మీద సులువుగా దొరికేవి వేప, కానుగ ఆకులే, రెండింటిలోనూ పురుగుల్ని చంపే గుణం ఉంది. రోడ్డు పక్క దుమ్ము, పొగ పట్టినవీ, మందు కొట్టిన తోటలవీ వద్దు.

తెచ్చిన ఆకుల్ని పది నిమిషాలు నీళ్లలో మరిగించి, డాబా మీద ఎండబెట్టి, గోనె సంచిలో దాచుకోండి. వేసే ముందురోజు రాత్రి నానబెడితే త్వరగా తింటాయి. రెండు మూడు వారాల తర్వాత ఒక బాదం ఆకు బయటికి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి, మధ్య ఈనె, దాన్నుంచి చీలిన సన్న ఈనెలు, వాటి మధ్య అంతకంటే సన్నటి గళ్లు మాత్రమే మిగిలి దోమతెర ముక్కలా ఉంటుంది, మెత్తటి భాగమంతా తినేసి ఉంటాయి. ఆ ఆకు కనిపించిందంటే కాలనీ ఆరోగ్యంగా ఉన్నట్టే.

నీళ్లు పోయడం

డబ్బాను మూడు భాగాలు అనుకోండి. ఒక చివర మూడో వంతు తడి, మధ్యలో చెమ్మ, మరో చివర పొడి. తడి వైపు నర్సరీలో దొరికే నాచు ఒక గుప్పెడు పెట్టి, నీళ్లు ఎప్పుడూ ఆ మూలలోనే పోయాలి, డబ్బా అంతా స్ప్రే కొట్టకూడదు. తడి వైపు మట్టి కొంచెం తీసి పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే ఎక్కువైనట్టు. వానాకాలంలో నేను ఎనిమిది పది రోజులకోసారి పోస్తాను, మే నెలలో రెండు రోజులకోసారి. లెక్క రోజుల్లో కాదు, వేలు పెట్టి చూడటంలో ఉంది. కుళాయి నీళ్లు ఒక రాత్రి బకెట్‌లో నిలవ ఉంచి వాడండి.

దాక్కోవడానికి పగిలిన కుండ పెంకులు రెండు, తడి వైపు ఒకటి, మధ్యలో ఒకటి బోర్లించండి. కొబ్బరి చిప్ప, చెట్టు బెరడు కూడా బాగుంటాయి. పెంకు మాత్రం నాకు ప్రత్యేకంగా ఇష్టం, చెమ్మ పీల్చుకుని లోపల చల్లగా ఉంచుతుంది.

జీవాలు రాకముందు డబ్బాను రెండు వారాలు ఖాళీగా ఉంచండి. ఆ రోజుల్లో తెల్ల బూజు రావడం మామూలే, టెన్షన్ పడకండి. స్ప్రింగ్‌టెయిల్స్ అనే చుక్కంత తెల్లటి జీవాలు, ముట్టుకుంటే ఎగిరేవి, ఎక్కడైనా దొరికితే వేయండి, బూజును అవి తినేస్తాయి. తర్వాత పది పదిహేను ఐసోపాడ్లను సాయంత్రం పూట పొడి వైపు వదలండి, తడి ఎక్కడుందో అవే వెతుక్కుంటాయి. వారం పాటు మట్టి తవ్వి చూడొద్దు.

పైతిండి, సున్నం

వారానికి రెండుసార్లు తొక్క తీసిన క్యారెట్, సొరకాయ, గుమ్మడి ముక్క ఒకటి, అది కూడా గోరంత. తొక్కలో పురుగుమందు ఉండొచ్చు కాబట్టి తీసేయడమే మేలు. నిమ్మ, నారింజ జాతివి, ఉప్పూ నూనే తగిలినవి వద్దు. మర్నాటికో ఆ తర్వాతి రోజుకో మిగిలింది తీసేయాలి, లేకపోతే చిన్న ఈగలు వస్తాయి.

వారానికోసారి మాంసకృత్తులు తప్పనిసరి: ఉప్పు వేయకుండా ఎండబెట్టిన రొయ్య ఒకటి కడిగి వేయండి, లేదా చేపలకు వేసే ఫ్లేక్స్ చిటికెడు. ఇది తగ్గితే కుబుసం విడిచి మెత్తగా ఉన్న తోటిదాన్నే కొరుకుతాయి.

కవచానికి కాల్షియం కావాలి. కోడిగుడ్డు పెంకులు ఉడికించి, లోపలి పొర తీసి, ఎండబెట్టి మిక్సీలో పొడి చేసి పొడి వైపు చల్లండి. చిలకలకు పెట్టే సముద్రపు నురుగు ముక్క అయినా సరే. తాంబూలం సున్నం, గోడల సున్నం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు, అవి ఒంటిని కాల్చేస్తాయి.

ఎండాకాలం

వేరే దేశాల వాళ్లు హీటర్ గురించి రాస్తారు, మనకు కావాల్సింది చల్లబరచడం. ఇరవై నాలుగు నుంచి ముప్పై డిగ్రీల దాకా ప్రూయినోసస్ హాయిగా ఉంటుంది. గది 34 దాటుతుంటే మీరు ఏదో ఒకటి చేయాల్సిందే. చేపల తొట్టెలకు వాడే చవక థర్మామీటర్ ఒకటి డబ్బా పక్కన పెట్టుకోండి.

నేను చేసేది మన ఇళ్లలో మంచినీళ్ల కుండకు చేసే పనే. వెడల్పాటి మట్టి పళ్లెంలో ఇసుక పోసి తడిపి, దాని మీద డబ్బా పెడతాను, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ఇసుక తడుపుతాను. నీళ్లు ఆవిరవుతుంటే డబ్బా అడుగు చల్లబడుతుంది, అవి కూడా పగలంతా అడుగునే ఉంటాయి. కోస్తాలో గాలి తేమగా ఉండి ఆవిరి సరిగ్గా జరగదు, అక్కడ డబ్బాను నేరుగా గచ్చు మీద, గాలి ఆడే నీడలో పెట్టడం మంచిది. అటక మీదా, ఫ్రిజ్ పైనా, పడమటి గోడకు ఆనించీ పెట్టకండి. కూలర్ గాలికి ఎదురుగా కూడా వద్దు, ఒక మధ్యాహ్నంలో డబ్బా ఎండిపోతుంది. కరెంటు పోయిన రోజు ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి డబ్బా బయట పక్కన పెట్టండి, లోపల కాదు.

కుబుసం, ఆ తర్వాత పిల్లలు

ఒక రోజు ఒకదాని వెనుక సగం తెల్లగా, ముందు సగం మామూలుగా కనిపిస్తుంది. జబ్బు చేసిందని కంగారుపడకండి. ఐసోపాడ్ కుబుసాన్ని రెండు విడతలుగా విడుస్తుంది, ముందు వెనుక సగం, ఒకటి రెండు రోజులు ఆగి ముందు సగం. ఒకసారి రాత్రి ఎర్ర లైటు వేసుకుని చూశాను: పెంకు అంచున ఒకటి ముందు కాళ్లతో మట్టిని గట్టిగా పట్టుకుని, ఒళ్లంతా సాగదీస్తూ, వెనుక తొడుగును కొద్ది కొద్దిగా జార్చుకుంటోంది, పూర్తిగా ఊడటానికి చాలాసేపు పట్టింది, ఆ తర్వాత వెనక్కి తిరిగి తన తొడుగునే నెమ్మదిగా నమిలి తినేసింది. అందులోని కాల్షియం వృథా పోనివ్వదు. ఆ సమయంలో ముట్టుకోకండి, ఒళ్లు మీగడంత మెత్తగా ఉంటుంది.

ఆడది గర్భంతో ఉందో లేదో పారదర్శకమైన గిన్నెలో వేసి కింది నుంచి చూస్తే తెలుస్తుంది. ముందు కాళ్ల మధ్య పొట్ట కింద లేత పసుపు రంగులో ఉబ్బిన సంచి ఉంటుంది. గుడ్లు ఆ సంచిలోనే, ద్రవంలో ఉంటాయి, తల్లి మోసుకునే తిరుగుతుంది. మన వేడికి మూడు నాలుగు వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి, ఒక్కో విడతకు పదుల సంఖ్యలో. ఆవగింజలో సగం కూడా ఉండవు, తెల్లగా ఉంటాయి. అప్పుడే పుట్టిన పిల్లకు ఆరు జతల కాళ్లే, ఏడో జత కుబుసం విడిచాక వస్తుంది.

పిల్లలు బతకాలంటే మూడు సంగతులు. ఒకటి, తడి వైపు పెంకు కింద ఎప్పుడూ ఆరకూడదు, తేమ తగ్గితే ముందు పోయేది పిల్లలే. రెండు, పెద్దవాటి పెంటను శుభ్రం చేయకండి, చిన్న ఇటుక ముక్కల్లా కనిపించే ఆ గుళికలే పిల్లలకు మొదటి తిండి, పెద్దవి కూడా వాటిని మళ్లీ తింటాయి, ఐసోపాడ్ రక్తానికి అవసరమైన రాగి అలా తిరిగి దక్కుతుంది. మూడు, బాగా మెత్తబడిన ఆకులు వాటికి అందేలా ఉండాలి.

రెండు నెలలైనా పిల్లలు కనిపించకపోతే ముందు మీ చేతుల్ని అనుమానించండి, రోజూ మూత తీసి కెలుకుతున్నారేమో చూసుకోండి. తర్వాత రొయ్య, ఫ్లేక్స్ పెంచండి. అన్నీ ఒకే లింగానివి వచ్చి ఉండొచ్చు కూడా, తోక చివర రెండు ముళ్లలాంటివి మగవాటికి పొడుగ్గా ఉంటాయి. ప్రూయినోసస్ పిల్లలు రెండు మూడు నెలల్లో పెద్దవై అవీ పిల్లల్ని పెట్టడం మొదలుపెడతాయి, అక్కడి నుంచి లెక్క మీ చేతుల్లో ఉండదు. ఆరెంజ్ రంగువాటిని బూడిదరంగువాటితో కలపకండి, కొన్ని తరాలకు ఆ రంగు చేజారుతుంది. వేరే జాతులనూ ఒకే డబ్బాలో వేయొద్దు, ప్రూయినోసస్ త్వరగా పెరిగి మిగతావాటి చోటు, తిండి లాగేసుకుంటుంది.

చీమలు, దోమల మందు

మన దేశంలో ఐసోపాడ్‌కు మొదటి శత్రువు చీమ. పంచదార డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే ఈ డబ్బాను కూడా నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక మీద పెట్టండి, ఇసుక పళ్లెం ఉన్నా దాని కింద ఇదీ ఉండాలి. చీమల చాక్ గీయొద్దు. దోమల కాయిల్, ప్లగ్‌లో పెట్టే దోమల మందు, స్ప్రేలు ఉన్న గదిలో డబ్బా వద్దు, వాటిలోని మందు రొయ్యల జాతి మొత్తానికీ ప్రమాదం. అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే ముందురోజే డబ్బాను తెలిసినవాళ్ల ఇంటికి చేర్చండి, వారం దాకా తేవొద్దు.

ఏదైనా ఐసోపాడ్ ఒళ్లంతా మెరిసే ఊదా నీలంలోకి మారితే అది వైరస్, ఇరిడోవైరస్ అంటారు, మందు లేదు. పౌడర్ బ్లూ రంగు మసక నీలం, ఇది మాత్రం నెమలి మెడలా మెరుస్తుంది, చూడగానే తేడా తెలుస్తుంది. దాన్ని వెంటనే తీసేసి, మిగతావాటిని గమనిస్తూ ఉండండి, ఆ డబ్బా నుంచి ఎవరికీ ఇవ్వకండి.

పంచుకోవడం

ఆరెనిమిది నెలలకు పెంకు ఎత్తితే నేల కదులుతున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు రెండో డబ్బా సిద్ధం చేసి సగం అటు మార్చండి. ఎవరికైనా ఇస్తే చిన్న డబ్బాలో తడిపి పిండిన నాచు, రెండు నానిన ఆకులు వేసి, మూతకు నాలుగు చిల్లులు పెట్టి ఇవ్వండి, అడుగున నీళ్లు నిలవకూడదు, ఏప్రిల్, మే నెలల్లో కొరియర్ వద్దు. కొని తెచ్చిన విదేశీ రకాలను ఎక్కువయ్యాయని పార్కులోనో పొలంలోనో వదలకండి. కొత్తవాళ్లకు ఇచ్చేటప్పుడు జీవాలతో పాటు మీ పాత డబ్బా మట్టి రెండు గుప్పెళ్లు కూడా ఇవ్వండి, అందులో గుళికలు, స్ప్రింగ్‌టెయిల్స్, కంటికి కనిపించని పిల్లలు కూడా ఉంటాయి, వాళ్ల డబ్బా నిలదొక్కుకోవడానికి ఆ మట్టే ఎక్కువ ఉపయోగపడుతుంది.